కుండలో నీడ

మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో రాకుమారి కథ చూస్తూ, "మంత్రగత్తె గదమ్మా, చెడ్డది, అంతే" అంది. 'అంతే' అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. చెడ్డపని వెనక కూడా ఒక కారణం కూర్చుని ఉంటుందని నాకు తెలిసింది మా పెద్దమ్మ వల్ల.

అమ్మ పోయాక, అడవి పక్కనున్న భోపాల్‌పట్నంలో నన్ను పెంచింది ఆమే. నా పన్నెండో తరగతి అయిన ఎండాకాలం, సాయంత్రాలు ఇద్దరం బీడీల తునికాకు కట్టలు కట్టుకుంటూ టీవీలో ఒక హిందీ మాయల సీరియల్ చూసేవాళ్లం. సగంలో కరెంటు పోవడం మామూలే. మిగిలిన కథ మేమే పోట్లాడి తేల్చుకునేవాళ్లం. పక్కింటి అత్త వచ్చేది ఆ పోట్లాట కోసమే, సీరియల్ కోసం కాదు. అసలు పోట్లాట మాత్రం వేరే ఉంది: జగదల్‌పూర్ కాలేజీలో చేరతానని నేను, పంపనని పెద్దమ్మ.

ఆ రోజు భాగంలో మంత్రగత్తె, తాను పెంచిన పిల్ల నీడను కుండలో పెట్టి మూత వేసింది. నీడ లేనిదే పిల్ల ఏరు దాటలేదు. పిల్ల చెయ్యి కుండ మీద పడిందో లేదో, కరెంటు పోయింది.

"రాక్షసి" అన్నాను.

"రాక్షసేందే? బువ్వ పెట్టింది, నెత్తి దువ్వింది. ఏరు దాటితే పిల్ల మల్ల వస్తదా? బయట పులులున్నయ్."

"పులి ఇంట్లనే ఉంది పెద్దమ్మా, కుండకు మూతేస్తున్నది."

పక్కింటి అత్త పక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ చేతిలోని కట్టకు ముడి పడలేదు. ఆ మసక చీకట్లోంచి, "నువ్వు పోతే నాతోని ఇట్ల ఎవరు కొట్లాడ్తరే?" అంది.

ఆడపిల్లకు హాస్టలేంది, దారి మంచిది కాదు అని అన్నాళ్లూ చెప్పినవన్నీ పైపై మాటలే. అసలు కారణం ఇదీ. నేను ఆమె చేతిలోని కట్ట తీసుకుని ముడి వేశాను.

కరెంటు వచ్చేసరికి సీరియల్ అయిపోయింది. ఆ పిల్ల ఏమైందో ఇప్పటికీ తెలియదు. వానలు మొదలయ్యేసరికి నేను మాత్రం బస్సెక్కాను. పంపనన్న పెద్దమ్మే ఇప్పపువ్వు లడ్డూల డబ్బా కిటికీలోంచి నా ఒళ్లో పడేసి, "అక్కడోళ్లతోని కొట్లాడు పో. ఓడిపోయిన్నని ఏడ్సుకుంట మాత్రం రాకు" అంది.

అట్లా ఏడ్చుకుంటూ రాలేదు. కాలేజీలోనూ, ఉద్యోగంలోనూ, అత్తవారింట్లోనూ నా నోరు నాకు అన్నం పెట్టింది, మర్యాదా తెచ్చింది. ఆ పుణ్యమంతా ఆమెదే. ఆమె పోయి చాలా ఏళ్లయింది, అప్పటి ఆమె వయసు ఇప్పుడు నాకొచ్చింది. మా అమ్మాయి ముందు ఆమె తరఫున ఒక్క మాట వాదించేంత పెద్దదాన్ని కావడానికి నాకు ఇంత కాలం పట్టింది.