కర్రలకి కట్టిన ఎర్రగుడ్డలు

తుఫాన్లన్నీ పేర్లు పెట్టుకుని వస్తాయి. మా పెరడుని తుడిచిపెట్టిన దాని పేరు మాత్రం మా రేషన్ కార్డులో ఉంది. అది నేనే. ఆ ఏడాది సముద్రంలో లేచిన అసలు తుఫాను మా ఇంటికి చేసిన నష్టం ఒక ప్లాస్టిక్ బకెట్. మిగతాదంతా నా స్వహస్తాలతో జరిగిన పని. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజుల్లో నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. బెజవాడలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పని. లోకంలో ఏ విద్యయినా మూడు నిమిషాల వీడియో చూస్తే వచ్చేస్తుందని గట్టి నమ్మకం. బస్సు డ్రైవరుగా రిటైరైన మా నాన్నకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో చేర్పించాం. అమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఊరి చివర కాలవ పక్క ఇంట్లో నేనూ, నాన్న పెంచిన పెరడూ మిగిలాం.

ఆటో ఎక్కేటప్పుడు నాన్న రొప్పుతూనే చెప్పాడు. "గాలి రోజులురా. మొక్కలు జాగర్త."

"నువ్వు నిశ్చింతగా వెళ్లు నాన్నా. నేనున్నాగా!"

అసలు ప్రమాదం అదేనని మా ఇద్దరికీ తెలియదు.

మూడో రోజు ఫోన్లో తుఫాను హెచ్చరిక వచ్చింది. వెంటనే వీడియో పెట్టాను. అందులో పెద్దమనిషి రెండే ముక్కలు చెప్పాడు. ప్రతి మొక్క పక్కనా కర్ర పాతి మెత్తటి గుడ్డతో కట్టాలి, తాడయితే కాండం కోసుకుపోతుంది. బరువు కాయలుంటే గాలికి తీగ తెగుతుంది, ముందే కోసెయ్యాలి. సలహా బంగారమే. అది నా చేతిలో పడింది, అంతే.

వెదురు కర్రలు చాలలేదు. ఎదురింటివాళ్లు మునగచెట్టు గాలికి విరిగి కప్పు మీద పడుతుందని కొమ్మలు కొట్టి పడేస్తే, అవి కూడా తెచ్చి పాతాను. ఇక గుడ్డ కావాలి. ఇల్లంతా వెతకడం దేనికి? పందిరి మీద రెండు పెద్ద సొరకాయలకి, కింద నాలుగు వంకాయలకి, తొడిమ దగ్గర అమ్మ పాత ఎర్రచీర పీలికలు ముచ్చటగా కట్టి ఉన్నాయి. పిచ్చి నాన్న, దిష్టికి కట్టినట్టున్నాడు అనుకున్నాను. నేను డిగ్రీ చదివినవాణ్ణి కదా, దిష్టిని నమ్మను. అన్నీ విప్పి, ఒక్కోదాన్ని రెండుగా చింపి, మొక్కల్ని కర్రలకి కట్టాను. గుడ్డలు పోయాక అన్ని కాయలూ ఒక్కటే. ఒక్క పిందె కూడా మిగల్చకుండా కోసి వీధంతా పంచాను.

పక్కింటి రత్నమ్మగారు సొరకాయని గోటితో గిచ్చి చూశారు. "కాస్త ముదిరినట్టుందే బాబూ?"

"సైజు చూడండి ఆంటీ! బజార్లో దొరుకుద్దా ఇలాంటిది?"

రెండోది పాస్టరమ్మగారికి ఇచ్చి, నాన్న కోసం ప్రార్థన చెయ్యమని కూడా చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం గాలి వచ్చింది. కాలవగట్టు మీద చెట్లు పడ్డాయి. మా పెరట్లో ఒక్క మొక్క కూడా వంగలేదు. విజయగర్వంతో ఫొటో తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను.

ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న నాన్న నన్ను చూడగానే అడిగాడు. "ఎర్రగుడ్డలున్నయ్యా?"

"ఉన్నాయి. ఏం?"

"అవి కట్టిన కాయలు విత్తనానికి వదిలానురా. తీగ మీదే ఎండాలి. ఆ సొరగింజలు మా అమ్మ చల్లపల్లి నుంచి కాపరానికొస్తా కొంగున కట్టుకొచ్చింది. పోయినేడు దాచినయ్యన్నీ చెమ్మకి బూజు పట్టినయ్యి. తీగకి ఇదే ఆఖరి కాపు. ఇక ఆ రెండు కాయలే."

ఫొటో చూపించబోయిన ఫోన్ మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

"గాలికి గుడ్డలు ఊడలేదు గదా?"

"లేదు నాన్నా. గట్టిగానే ఉన్నాయి."

గమనించండి, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

బండి మీద ఎగురుకుంటూ వీధిలోకి వచ్చి పడ్డాను. "గింజలా? చెత్తబండిలో పోయినయ్యి బాబూ" అన్నారు రత్నమ్మగారు. పాస్టరమ్మగారైతే ఎంతో ప్రేమగా చెప్పారు. "పులుసు పెట్టుకున్నాం బాబూ. మీ నాన్నగారి ఆరోగ్యం కోసం ప్రార్థన చేసుకునే తిన్నాం."

వాళ్ల చెత్తబుట్టలో చెయ్యిపెట్టి వెతికితే తొమ్మిది గింజలు దొరికాయి, తెల్లగా, మెత్తగా. నాటాను. కుళ్లిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను ఆకుల్ని భద్రంగా పట్టుకుని కాయల్ని కాల్చుకున్నవాణ్ణి.

ఆ తర్వాత ఇరవై రోజులు నాన్న రోజూ అదే అడిగేవాడు. "గుడ్డలున్నయ్యా?" "ఉన్నాయి నాన్నా." ఆ మాట వినగానే కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోయేవాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేవాణ్ణి. నవ్వించే కథలో ఈ ముక్క ఎందుకంటారేమో. దాచలేకపోయాను.

చివరికి డాక్టరుగారు ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. నయమై కాదు. నాన్న మంచం ఎక్కనన్నాడు, ముందు పెరట్లో కుర్చీ వెయ్యమన్నాడు. అమ్మా నేనూ చెరో పక్క పట్టుకుని కూర్చోబెట్టాం. ఆయన పందిరి చూశాడు. అక్కడ ఆకులు తప్ప ఏమీ లేవు. కింద వరసగా కర్రలు, కర్రకర్రకీ ఒక ఎర్రగుడ్డ. నేను కాళ్ల మీద పడటానికి సిద్ధంగా ఉన్నాను.

"ఏరా," అన్నాడు నాన్న, "ఈసారి కర్రల్ని విత్తనానికి వదిలావా?"

అమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆయనకి. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. నేను కుర్చీ పక్కన కూలబడి వెక్కుతుంటే నా తల మీద చెయ్యేసి, "పోనీలేరా. మొక్కలు మాత్రం బాగా కట్టావ్" అన్నాడు. పదకొండు రోజులకి పోయాడు.

నాయనమ్మ సొర నాతో ఆగిపోయింది. ఆ రుచి కూడా నాకు సరిగా గుర్తులేదు. కర్రల్లో ఒకటి మాత్రం చిగురేసింది. మునగకొమ్మ కదా, ఎర్రగుడ్డతో సహా చెట్టయి కూర్చుంది.

అందుకని ఆ చెట్టు ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఇంకొకరు కట్టినదైనా, నేను కట్టినదైనా, కాయకున్నా, సంచికున్నా, ఈ జన్మలో పెరటి గుమ్మం దాటాక ఏ ముడీ విప్పను.

ఏడాది తిరిగేసరికి మాను లావెక్కి గుడ్డ బెరడులోకి దిగడం మొదలుపెట్టింది.

"విప్పరా, చెట్టు చచ్చిపోద్ది" అంది అమ్మ.

"నేను విప్పను."

"కట్టింది నువ్వే గదరా!"

"కట్టింది నేనే. విప్పడం నా వల్ల కాదు. నువ్వే విప్పు."

అమ్మ విప్పింది. మళ్లీ తనే, కాస్త వదులుగా కట్టింది.