అమ్మ మొహం మొదటి చూపు

మా అత్త చెంచమ్మ ఎవరికీ భయపడదు. చేపల వాటాల దగ్గర తగవొస్తే మగవాళ్లను నోటితోనే వెనక్కి నెట్టే మనిషి. అలాంటిది తన చేతులతో చేసిన కాగితం మొహానికి భయపడుతుందంటే, కొత్తగా కాపురానికొచ్చిన నాకు నవ్వు ఆగలేదు.

తడ ఊరికి ఇవతల, పులికాటు సరస్సు ఒడ్డున మా పాలెం. ఏటా గంగమ్మ తిరునాళ్లకు అమ్మవారి మొహం చేసేది అత్తే. నానబెట్టిన కాగితం గుజ్జులో చింతగింజల జిగురు కలిపి, మట్టి అచ్చు మీద పరిచి, ఎండబెట్టి, పసుపు పూస్తుంది. అంతవరకూ కూనిరాగాలు తీస్తూనే ఉంటుంది. కళ్లు దిద్దే రోజున మాత్రం నోరు మూతపడుతుంది. వీధి తలుపు గడియ పెట్టి, మొహాన్ని పెరటి గుమ్మం వైపు తిప్పి, దాని ముందు గుమ్మడికాయ పెడుతుంది. తాను వెనక కూర్చుని, చేతులు ముందుకు చాపి, బొటనవేలితో కంటి గుంటలు తడుముకుంటూ దీపం మసిలో ముంచిన కుంచెతో కళ్లు దిద్దుతుంది. అమ్మ మొదటి చూపు గుమ్మడికాయ మీదే పడాలి. మనిషి మీద పడితే అమావాస్య లోపల ఆ మనిషిని తనతో తీసుకుపోతుందట. తిరునాళ్ల ముగిశాక మొహాన్ని సరస్సులో కలిపేస్తారు.

మా మామ గంగాధరాన్ని అలాగే తీసుకుపోయిందని అత్త నమ్మకం. చుట్టకు నిప్పు కావాలని పెరటి గుమ్మంలోంచి తొంగి చూశాడట. ఆ అమావాస్య రాకముందే పడవ బోల్తా పడింది. మోకాలి లోతు నీళ్లలో దొరికాడు.

"తాగి పడుంటాడులే అత్తా" అన్నాను ఒకసారి.

"మీ మామకు కల్లు వాసన కూడా గిట్టదుమే" అంది.

ఈ ఏడు నాకు అయిదో నెల. ముందొకటి నిలవలేదు. ఈ బిడ్డయినా దక్కాలని నేను మొక్కని దేవుడు లేడు, పైకి ఎన్ని మాటలన్నా. కడుపులో కదలిక అప్పుడప్పుడే తెలుస్తోంది. ఆ రోజు కరెంటు లేదని నేను పనికెళ్లే కంపెనీ వాళ్లు మధ్యాహ్నమే వ్యానెక్కించి పంపేశారు. ఇంటికొస్తే వీధి తలుపు వేసి ఉంది. కళ్లు దిద్దేది మర్నాడనుకుని, ఆరేసిన వలలు తప్పించుకుంటూ పెరటి వైపు నుంచి లోపలికి అడుగుపెట్టాను. కాలికి తగిలి గుమ్మడికాయ పక్కకు దొర్లింది.

ఎదురుగా అమ్మ మొహం. దాని చెంపల మీద, వెనక నుంచి వచ్చిన అత్త చేతులు. రెండు కళ్లూ తడిగా మెరుస్తూ నన్నే చూస్తున్నాయి.

"ఎవురది?" అంది అత్త.

"నేనే."

చేతులు ఆగిపోయాయి. "యాడ నిలబడుండావు?"

"దీని ముందరే. గుమ్మడికాయ పోతే దోసకాయ పెడదాంలే అత్తా" అని నవ్వాను. అత్త వెనక నుంచి లేవనే లేదు.

మర్నాడు పొద్దుట్నుంచి బిడ్డ కదల్లేదు. బెల్లం నీళ్లు తాగాను. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. ఊహూ. సూళ్లూరుపేట ఆస్పత్రికి పోదామని మా ఆయన మధుబాబు ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాడు. అతను అటు వెళ్లగానే అత్త తడిగుడ్డతో అమ్మ కళ్లు తుడిచేసి, కుంచె నా చేతిలో పెట్టింది.

"వెనక కూర్చోని దిద్దు. చూపు నీ మీద నుంచి పోవాలంటే ఇంకొకరి మీద పడాల."

"గుమ్మడికాయ పెట్టు మరి."

"మనిషిని చూసినాక కాయని చూస్తాదా? నేను నిలబడతా. దిద్దేదీ నేనే, నిలబడేదీ నేనే అంటే ఎట్టామే?"

నాకు ఒళ్లు మండింది. నమ్మకపోతే ఆ కుంచె విసిరికొట్టాలి. నమ్మితే ఆమె ముందు ఆ కళ్లు తెరవకూడదు. నేను ఆ రెండూ చేయలేదు. వెనక కూర్చుని చేతులు ముందుకు చాపాను. బొటనవేలికి గుంట తగిలింది. ఒక కన్ను పూర్తయిందో లేదో, కడుపులో చేపపిల్ల తోకాడించినట్టు బిడ్డ కదిలింది.

"కదిలిందత్తా! చాలు, పక్కకు రా!"

"రెండోది దిద్దు. ఒంటికన్నుతో వదిలేస్తే ఆయమ్మ ఊరుకుంటాదా?"

"నా వల్ల కాదు."

"గమ్మున దిద్దుమే."

ఏడుస్తూ దిద్దాను. అవతల అత్త ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి, "ఇన్నేండ్లుగా చేస్తా ఉండా. కండ్ల మసి ఆరకముందే ఈయమ్మని ముందర నుంచి చూసింది ఇప్పుడే. బాగుండాదిమే" అంది. ఆ గొంతులో భయం లేదు.

ఆస్పత్రిలో బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు. ఈ నెలలో కదలిక ఒక్కోసారి తెలియదని, కంగారు పడొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట అత్తకు పదే పదే చెప్పాను. ఆమె తలూపి, పొయ్యి మీది కూర కలుపుకుంటూ కూర్చుంది.

తిరునాళ్ల అయిపోయింది. మొహం సరస్సులో కరిగిపోయింది. అమావాస్య ఇంకా రాలేదు. ఈ పొద్దున అత్త గంప చంకనబెట్టుకుని రొయ్యలు పట్టడానికి సరస్సుకు బయల్దేరింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నువ్వు నమ్మవు గదమే. అడ్డం లే" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. గడియ పెట్టేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.