రెండో దట్టీ

మా అన్న పోయాడన్న కబురు పొద్దున్నే వదిన ఫోన్లో చెప్పింది. "మీ అన్న ఇగ లేడు, రా" అంది, అంతే. ఆటోలో మాదన్నపేటకు పోతున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. గల్లీ మొదట్లో దిగగానే ఆ ఏడుపు కాస్తా ఆగిపోయింది.

గల్లీ నిండా జనం. కూరగాయల మార్కెట్ వాళ్లు కొట్లు కట్టేసి వచ్చారు. టోపీలు పెట్టుకున్న ముసలివాళ్లు గోడవారగా కూర్చుని ఉన్నారు. బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు వదిన చుట్టూ చేరి వీపు నిమురుతున్నారు. నా మనసులో మొదట మెదిలిన మాట ఉన్నదున్నట్టు చెప్తాను: నేను పోతే ఇంతమంది వస్తారా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పుడకల దాకా పోయింది అన్న, బుద్ధి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఈ కుళ్లు ఇవాళ్టిది కాదు. అన్నకు ముందు అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు మా గల్లీ చివర, పీర్లను ఉంచే ఆశూర్ఖానాలో అమ్మ మొక్కుకుంది, ఈ బిడ్డ దక్కితే ఏటా మొహర్రానికి ఫకీరును చేస్తానని. బిడ్డ దక్కాడు. మొహర్రం వచ్చిందంటే అన్నకు ఆకుపచ్చ అంగీ, మెడలో ఎర్రదారం, భుజాన జోలె. ఇల్లిల్లూ తిరిగి భిక్ష అడిగేవాడు. హిందువులు, ముసల్మానులు అని లేదు, అందరూ ఆ జోలెలో కొబ్బరి కుడుకలు, బెల్లం వేసేవాళ్లు. కొందరు ముసలమ్మలైతే దండం కూడా పెట్టేవాళ్లు. ఆయన వెనకాల నీళ్ల చెంబు పట్టుకుని నడిచేది నేను. చెంబుకు ఎవరు దండం పెడతారు?

నాకోసం ఏం మొక్కినవని ఒకసారి అమ్మను అడిగాను. అమ్మ బియ్యం ఏరుతూ నవ్వింది.

"నీకెందుకురా మొక్కు? నువ్వు అడగకముందే వచ్చినవ్."

ముద్దుగానే అంది. నాకు మాత్రం పిలవని పేరంటానికి వచ్చినవ్ అన్నట్టు వినిపించింది. ఆ మాట ఇప్పటికీ లోపల ఎక్కడో గుచ్చుకునే ఉంది.

మొక్కు పిల్లగాని మీద చెయ్యెత్తొద్దని అమ్మ నాన్నకు గట్టిగా చెప్పి పెట్టింది. మా నాన్న బస్సుల డిపోలో మెకానిక్, బరువైన చెయ్యి. ఆ చేతికి ఇంట్లో మిగిలింది నేనొక్కణ్ణే. అన్న సీసా పగలగొడితే నా వీపు మోగేది. అన్న మాత్రం పక్కన నిలబడి, అయ్యో అన్నట్టు చూసేవాడు. ఆ జాలి చూపు దెబ్బల కంటే ఎక్కువ మండేది.

డెబ్బైల మొదట్లో, పదిహేనేళ్లప్పుడు, అన్న బడి మానేశాడు. పురానాపూల్ దగ్గర కొందరు పోకిరీలతో చేరి సైకిల్ బెల్లుల మూతలు విప్పడం నేర్చుకున్నాడు. పట్టు తెలిస్తే రెండు వేళ్లతో తిప్పగానే మూత ఊడి వస్తుంది. వాటిని పాతసామాన్ల బజార్లో అమ్మేవాళ్లు. శుక్రవారం మసీదు ముందు, శనివారం హనుమాన్ గుడి ముందు పని. ఆ విషయంలో అన్నకు మతభేదం లేదు. లోపల జనం దేవుణ్ణి తలుచుకుంటుంటే బయట ఆయన మూతల్ని గోరుతో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మంచి మోత ఉంటే జేబులోకి, ఉత్త రేకు చప్పుడైతే మళ్లీ బండికే బిగించేవాడు. ఇవన్నీ ఇంటికొచ్చి నాకు గొప్పగా చెప్పేవాడు. నేను అసహ్యించుకోవాల్సింది పోయి, నాకా చెవి ఎందుకు లేదా అని కుమిలేవాణ్ణి.

ఒక శుక్రవారం మసీదు ముందే దొరికిపోయాడు. ఠాణాకు తీసుకుపోయారని తెలియగానే నాకు పండగ. ఇవాళైనా తన్నులు తింటాడని గడపలో కూర్చుని ఎదురుచూశాను. కానీ ముజావర్ మామూ అడ్డంపడ్డాడు. ఆశూర్ఖానా చూసుకునే పెద్దాయన ఆయన, మిగతా రోజుల్లో దర్జీ పని చేసేవాడు. మెడలో కొలతల టేపుతోనే ఠాణాకు పోయి, ఈడు మా పీర్ల పిల్లగాడు సాబ్ అన్నాడట. వాళ్లు అన్నకు చాయ్ తాగించి పంపారు. ఇంటికొచ్చి ఆ చాయ్ మీద మలాయి ఎంత మందం ఉందో చెప్పాడు. నాన్నకు కోపం ఆగలేదు, అన్న మీద చెయ్యెత్తలేడు కదా, సాయంత్రం ఏదో వంక పెట్టి నాకు రెండు తగిలించాడు.

ఆ ఎండాకాలమే నాకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖానలో పడేశారు. డాక్టరు నాన్నను పక్కకు పిలిచి మాట్లాడాడు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అంత జ్వరంలోనూ నేను తలుపు వైపే చూసేవాణ్ణి. గల్లీ వాళ్లు వచ్చారు, డిపో వాళ్లు వచ్చారు. అన్న ఒక్కడు రాలేదు. ఏడి అని అడిగితే అమ్మ, "ఏమో బిడ్డా, పొద్దున పోయినోడు చీకటి పడ్డంక గాని ఇల్లు జేరుతలేడు" అంది. ఎక్కడ తిరుగుతున్నాడో ఎవర్నీ అడగక్కర్లేదనుకున్నాను.

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఇంటికి చేరాను. గల్లీలో నన్ను పలకరించిన వాళ్లు లేరని కాదు, పలకరించి వెంటనే అన్న గురించే మొదలుపెట్టేవాళ్లు. అన్న పోకిరీలను వదిలేశాడు. సంతోష్‌నగర్‌లో సైకిల్ దుకాణంలో పంక్చర్ల పనికి కుదిరాడు. పీర్ల మహిమ చూసినవా అని ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. చావును దాటి వచ్చింది నేను, మహిమ మాత్రం అన్న ఖాతాలో పడింది. దానికి నేను ఆయన్ను చాలా ఏళ్లు క్షమించలేదు.

తర్వాత ఆ దుకాణం అన్నదే అయింది. మూత లేని బెల్లుతో ఎవరైనా వస్తే అడగకుండానే కొత్త మూత బిగించి, మీటి విని పంపేవాడు. పైసలు ఇవ్వబోతే, "మోగని బండి ఎక్కొద్దు తమ్మీ, గంతే" అనేవాడు. ఎందుకో తెలిసినవాళ్లు నవ్వుకునేవాళ్లు, తెలియనివాళ్లు దండం పెట్టేవాళ్లు. నేను చదువుకున్నాను, సర్కారు నౌకరీ చేశాను, దూరంగా ఇల్లు కట్టుకున్నాను. నా పిల్లలు సైకిల్ నేర్చుకోవడానికి అన్న దగ్గరికి పోయి, వచ్చాక పెద్దనాన్న ఇట్ల అన్నడు, పెద్దనాన్న అట్ల చేసిండు అని రోజంతా అదే పాట. నేను పేపరు అడ్డం పెట్టుకుని వినేవాణ్ణి.

పెద్దవాడయ్యాక ఫకీరు వేషం మానేశాడు గానీ, ఏటా మొహర్రానికి పీరుకు దట్టీలు కట్టేవాడు. దట్టీ అంటే మొక్కు పేరున పీరుకు చుట్టే రంగుబట్ట. అందరూ ఒకటి కడితే మా అన్న రెండు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. అమ్మ ఆయనకోసం మొక్కింది ఒకటే కదా, ఈ రెండోది ఎవరికని ఒక ఏడు అడిగాను. అన్న నవ్వాడు.

"గది నాకు, పీర్లకు ఉన్న పంచాది. నీకెందుకు ఫికర్?"

దాంట్లో కూడా నాకంటే ఒకటి ఎక్కువే అనుకుని ఊరుకున్నాను.

దినాల నాడు ముజావర్ మామూ కొడుకు వచ్చాడు. తండ్రి పోయాక ఆశూర్ఖానా ఆయనే చూసుకుంటున్నాడు. అందరూ భోజనాలకు లేచాక నా పక్కన కూర్చుని, సంచిలోంచి ఎర్రబట్ట మడత తీసి నా ఒళ్లో పెట్టాడు. పోయిన ఏడు అన్న కట్టిన దట్టీ అది.

"నీ దట్టీ ఇగ నువ్వే కట్టుకోవాలె భాయ్" అన్నాడు.

నాదేంది అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, మీ అన్న చెప్పలేదా అన్నాడు. తర్వాత, చెప్తే మొక్కు చెడుతదని భయపడి ఉంటాడని తనే సర్దుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నేను దవాఖానలో ఉన్న ఆ ఎండాకాలం అన్న మామూ ఇంటి తలుపు తట్టాడట. మొహర్రం కాదు, పీర్లు పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. పెట్టె ముందరైనా మొక్కుకోనివ్వమని మామూను బతిమాలాడట.

"మొక్కంటే అడుగుడు కాదు బేటా, నీకు ఇష్టమున్నది విడువాలె అన్నడు మా అబ్బా. మీ అన్న జేబులకెల్లి బెల్లు మూతలన్ని తీసి ఆ పెట్టె ముందట పెట్టిండు. మా తమ్మున్ని లేపున్రి, ఇగ ఎవ్వలిది ముట్ట అన్నడు."

అక్కడితో పోలేదట. రోజూ పొద్దున్నే వచ్చి ఆశూర్ఖానా ఊడ్చి, దీపం పెట్టి, చీకటి పడేదాకా ఆ పెట్టె ముందే కూర్చునేవాడట. తమ్మున్ని చూసి రాపో అని మామూ చెప్తే, నేను ఈడికెల్లి లేస్తే వాడు పోతడు మామూ అన్నాడట.

నాకోసం ఎవరూ మొక్కుకోలేదని ఇన్నేళ్లూ ఏడ్చాను. మొక్కుకున్నవాణ్ణి చూసే ఏడ్చాను. మొన్న అన్న ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు, ఇక లాభం లేదని ఇంటికి పంపేదాకా, నేనూ అక్కడే ఉన్నాను. మందులు తెచ్చాను, డాక్టర్లతో ఇంగ్లీషులో మాట్లాడాను, పెద్ద డాక్టరు కోసం గొడవపడ్డాను. మొక్కుకోవాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు. ఇష్టమైనదేదైనా విడవాలంటే ఏం విడిచేవాణ్ణో కూడా నాకు తెలియదు. ఈ కుళ్లునైనా విడిచి ఉండొచ్చు.

దట్టీకి ఇంకా ఊదు వాసన ఉంది. దాన్ని పట్టుకుని బయటికొచ్చాను. అన్న సైకిల్ గోడకు ఆనించి ఉంది. ఎందుకో బెల్లు నొక్కాను. గల్లీ చివరిదాకా వినపడేంత మంచి మోత. లోపలి నుంచి అన్న మనవరాలు "తాత వచ్చిండు" అనుకుంటూ గడపదాకా ఉరికొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.