సుగుణా మేడమ్ చెప్పిన యూరప్

నేను పనిచేసిన కాలేజీలో స్టోరు గది ఖాళీ చేస్తున్నారంటే మొన్న చూడబోయాను. పాత యూరప్ గోడపటం చుట్ట విప్పగానే వార్నిషూ, తడిసి ఆరిన గుడ్డా కలిసిన వాసన గుప్పుమంది. దాంతోపాటే సుగుణా మేడమ్ కళ్లముందు నిలబడ్డారు. చల్లపల్లి దగ్గరి పల్లెలో పాస్టరుగారి అమ్మాయి ఆమె. రైల్వేలో పనిచేసే భర్తది వరంగల్లు. డెబ్బైల మొదట్లో బెజవాడలో మా బి.ఏ. క్లాసుకు ఆధునిక యూరప్ చరిత్ర చెప్పేవారు.

ఫ్రాన్సుకీ జర్మనీకీ మధ్య ఆల్సేస్ అనే సీమ ఉంది. ఒకరోజు పటంలో దానిమీద వేలుంచి, "ఇక్కడొక ముసలమ్మ ఉందనుకోండి. ఇల్లు కదలకుండానే ఆవిడ దేశం నాలుగుసార్లు మారిపోయింది," అన్నారు.

"మరి ఆవిడ ఎవరండీ? ఫ్రెంచా, జర్మనా?" అని అడిగాను.

"జెండాలు మార్చినవాళ్లెవరూ ఆ మాట ఆవిణ్ణి అడగలేదమ్మా."

ఆ ఏడాదే ప్రత్యేకాంధ్ర ఉద్యమం రేగింది. కాలేజీలు మూతబడ్డాయి. పరీక్షలు ఉంటాయో ఉండవో తెలియక, చదువు మధ్యలోనే ఆగిపోతుందేమోనని నాకు ఒకటే దిగులు. మేడమ్ మాత్రం సత్యనారాయణపురంలో తామున్న ఇంటి వరండాలో, రాగలిగినవాళ్లకు క్లాసులు మొదలుపెట్టేశారు. కొన్నాళ్లకు కొందరు కుర్రాళ్లు గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"మీ ఆయనది తెలంగాణా అంట కదండీ. మీరు ఎటువైపో చెప్పండి."

"ఆయన అటు, నేను ఇటు. మా చంటిది ఎటో మీరే చెప్పండి బాబూ," అన్నారామె.

వాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మర్నాడు మేం వెళ్లేసరికి ఎవరో వేసిన రాయికి కిటికీ అద్దం పగిలి ఉంది. మేడమ్ గాజుపెంకులు ఊడ్చి, కిటికీకి అట్టముక్క బిగించి, "నిన్న ఎక్కడ ఆపాం?" అన్నారు. పాఠం ఆగలేదు.

ఆ జనవరిలో బ్రిటన్ యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో చేరిందని రేడియోలో విన్నాం. "మేం వేరు, మేం వేరు అన్నవాళ్లే ఇవాళ మేమూ యూరపే అంటున్నారు. ఒకరినొకరు చంపుకున్న ఫ్రాన్సూ జర్మనీ ఈపాటికే ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. యూరప్ అంటే నేలమీద గీసిన గీత కాదు, ప్రతి తరమూ మళ్లీ తేల్చుకోవలసిన మాట," అన్నారు.

ఉద్యమాన్ని మనసారా నమ్మిన నాకు రోషం వచ్చింది. "అంటే మేం విడిపోకూడదనా మేడమ్?"

"అలా అనలేదమ్మా. విడిపోతారో, కలిసుంటారో మీరే తేల్చుకోండి. ఏం చేసినా అవతల ఉన్నదీ మనిషేనని మర్చిపోకండి. మర్చిపోయినచోట ఏమైందో ఇన్నాళ్లుగా చెబుతూనే ఉన్నాను కదా!"

ఆలస్యంగానైనా పరీక్షలు జరిగాయి. నేను పాసయ్యాను, ఆమెలాగే చరిత్ర చెప్పడమే వృత్తిగా ఎంచుకున్నాను. భర్తకు బదిలీ అయి మేడమ్ కాజీపేట వెళ్లిపోయారు. ఎన్నో ఏళ్లకు రాష్ట్రం నిజంగానే రెండయింది. ఆ రోజు మా ఇంట్లో మాటామాటా పెరిగింది. మా అబ్బాయి, "వాళ్లంతా అంతేనమ్మా!" అన్నాడు.

"వాళ్లంటే ఎవర్రా? ఒక్కరి పేరు చెప్పు," అన్నాను.

ఎవరితో ఎంత వాదన జరిగినా, ఆ ప్రశ్న అడగకుండా నేనిప్పటికీ అక్కణ్ణుంచి లేవను.