నేను చదివిన రూలు

ఇరవై ఏళ్లకు పైగా ఈ సంగతి నా ఒక్కడికే తెలుసు. భార్యకు కూడా చెప్పలేదు. చెబితే పెద్ద నేరంలా వినిపించదు. అదే దీనితో చిక్కు.

తొంభైల చివర్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాణ్ని. క్యాంటీన్ పక్క గదిలో, కర్రతో బంతులు కొట్టి గుంటల్లో వేసే పూల్ ఆట బల్ల ఉండేది. ఆ ఏడు మేనేజర్ పోటీ పెట్టి, గెలిచినవాణ్ని పర్మినెంట్ చేస్తానన్నాడు. ఫైనల్‌కు నేనూ, కర్దనూర్ యాదగిరీ మిగిలాం. అతనూ నాలాగే కాంట్రాక్టు మనిషి, లేతు మీద పని. విరిగిన క్యూ కర్రను లేతుకెక్కించి, తేలికైన పొట్టి జంప్ క్యూ ఒకటి చేసుకున్నాడు. కర్రతో కొట్టాల్సిన తెల్ల బంతికి ఎదుటివాడు వేరే బంతి అడ్డుపెట్టి దారి మూస్తే, దాంతో కొట్టి అడ్డు బంతి మీదుగా దూకించేవాడు.

నాకు ఒళ్లు మండేది. నేను బుర్ర పెట్టి దారి మూయడమేమిటి, అతను కర్ర మార్చి దూకించడమేమిటి? అది మనిషి నేర్పా, కర్ర నేర్పా? ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు.

ఆట మొదలవకముందే అభ్యంతరం చెప్పాను. మేనేజర్ ఇంకా రాలేదు. సూపర్‌వైజర్ రూల్ పుస్తకం తెచ్చాడు. ఇంగ్లీషు. అక్కడున్నవాళ్లలో అది చదవగలిగింది నేనొక్కణ్నే కాబట్టి, ఆడేవాడి చేతికే పుస్తకం ఇచ్చారు. ఎవరికీ తప్పనిపించలేదు. ఫలానా పొడవుకు తగ్గకపోతే జంప్ క్యూ వాడవచ్చని అందులో స్పష్టంగా ఉంది. యాదగిరి కర్ర అంతకన్నా జానెడు పొడుగే.

"వాడొద్దని రాసుంది," అన్నాను.

యాదగిరి నా ముఖంలోకి చూశాడు. "నువ్వు సదివినవంటే గట్లనే ఉంటది అన్నా," అని కర్రను గోడకు ఆనించాడు.

చివరి ఆటలో దారి మూశాను. మామూలు కర్రతో దూకించబోయాడు. తెల్ల బంతి బల్ల దాటి కింద పడింది. అది ఫౌల్, వంతు నాకొచ్చింది. నేను గెలిచాను, పర్మినెంట్ అయ్యాను, సంగారెడ్డిలో ఇల్లు కట్టాను. అతని కాంట్రాక్టు ఆ ఏడాదితో సరి. లేతు మీద అంత ఒడుపున్నవాడు ముత్తంగి గోడౌన్‌లో మూటలు మోశాడు.

పోటీల్లో జంప్ క్యూ ఉండకూడదని తర్వాత ఎంతమందితోనో వాదించాను. ఆ వాదన నెగ్గితే నా తప్పు తగ్గుతుందనుకున్నానా? తగ్గదు. నా అభిప్రాయం నా దగ్గర ఉంచుకోవలసింది. దాన్ని పుస్తకంలో ఉన్నట్టు చదివాను.

యాదగిరి ఇప్పటికీ సంతలో కనిపిస్తే అన్నా అని పలకరిస్తాడు. అతనికి చెప్పలేదు. చెబితే పోనీలే అంటాడేమోనని భయం. ఆ మాట ఏ ముఖం పెట్టుకుని వినను? మీకు చెప్పాను. ఆ పుస్తకంలో వాడవచ్చు అనే ఉంది. ఇన్నేళ్లకు సరిగ్గా చదివాను.