నడిగోదాట్లో ఆగిన పడవ

డెబ్బైల నాటి మాట. పిల్లకి అప్పటికి ఏడాది నిండలేదు. వాంతులూ విరేచనాలతో వాడిపోయి, తోటకూర కాడలా నా భుజం మీద వేలాడుతోంది. అమలాపురంలో డాక్టరుగారు ఎంత వెతికినా సూది గుచ్చడానికి నరం దొరకలేదు. "కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోండమ్మా. నిన్నటి నుంచి ఉచ్చ పోయలేదంటున్నారు, అదే నా భయం. దారిలో చెంచాతో నీళ్లు పడుతూ ఉండండి, పోస్తుందేమో కనిపెట్టుకోండి" అన్నారు. మావారు ఊళ్లో లేరు. నేనూ మా అత్తగారూ ముక్తేశ్వరం రేవులో మోటారు పడవ ఎక్కాం. అవతల కోటిపల్లి చేరితేనే కాకినాడ బస్సు.

పడవ కదులుతుండగా అత్తగారు సంచీలోంచి పసుపు, కుంకుమ, కొత్త రవికెల గుడ్డ తీసి గోదారమ్మకు సమర్పించారు. మా వైపు ఆడవాళ్లు ఏరు దాటేటప్పుడు చేసే పనే. పిల్లని కూడా నీటివైపు వంచి దణ్ణం పెట్టించబోతే నేనే వద్దన్నాను.

నడి ఏట్లోకి వచ్చేసరికి కాలిన వాసన. ఇంజను మూత సందుల్లోంచి పొగ. ఇంజన్ని చల్లార్చే ఏటి నీళ్లు పడవ పక్కనున్న గొట్టంలోంచి బయటికి పడుతూ ఉండాలి, అవి ఎప్పుడో ఆగిపోయాయి. పడవ నడిపే సరంగు గబుక్కున ఇంజను కట్టేశాడు. ఆ రొద ఆగగానే నేను పిల్లని ఒళ్లోకి దింపుకున్నాను.

"ఏమైందయ్యా?" అన్నారు అత్తగారు.

"కాగిపోయిందండీ. ఏటి నీళ్లు లోపలికి రావట్లేదండీ."

లంగరు వేశారు. సరంగు చేతికి గుడ్డ చుట్టుకుని ఒక్కో గొట్టమూ తడిమాడు. పంపు విప్పి చూసి మళ్లీ బిగించాడు. ఒకచోట గొట్టం వదులు చేస్తే చుక్క రాలలేదు. అడుగునేదో అడ్డం పడిందండీ అంటూ లుంగీ ఎగ్గట్టి తనే నీళ్లల్లోకి దిగాడు. ఇక్కడ పిల్ల కళ్లు లోతుకు పోయాయి. పెదాలు తడిపితే చప్పరించడం కూడా మానేసింది. "నిద్రపోతోంది లేమ్మా" అన్నారెవరో. నిద్రో కాదో నాకు తెలియదూ!

సరంగు పైకి తేలి చెయ్యెత్తాడు. చేతిలో అత్తగారి రవికెల గుడ్డ. నీళ్లు లాగే గొట్టం మూతికి చుట్టుకుపోయిందట.

పడవంతా మా వైపే చూసింది. అత్తగారి మొహం పాలిపోయింది.

"అమ్మాయ్, గోదారమ్మ నా గుడ్డ వద్దందే!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఓదార్చలేదు సరికదా, ఆవిణ్ణి కూడా ఏట్లోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. "అమ్మ తీసుకున్నాకే మాకడ్డం వచ్చిందండీ మామ్మగారూ, ఆయ్" అని సరంగు నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

అడ్డు తీశావు కదా, ఇక పోనియ్యమన్నాను.

"ఇంత వేడి మీద తిప్పితే ఇంజను బిగిసి పట్టేసుకుంటాదండీ, అప్పుడు అసలుకే మోసం. కాస్త ఓపిక పట్టండమ్మగారూ."

నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించరాదా అన్నాడొకాయన. ఇనుము పగిలిపోద్దండీ అన్నాడు సరంగు. ఓపికట! ఆ మాటంటే నాకు ఇప్పటికీ గిట్టదు. చెంచాతో నీళ్లు పడుతూనే ఉన్నాను. సగం పెదవి చివర నుంచి కారిపోతున్నాయి. అత్తగారు కొంగుతో తుడుస్తున్నారు. పిల్లకేమైనా అయితే జన్మలో ఈవిడ మొహం చూడనని మనసులో అనుకున్నాను.

ఎంతసేపటికో సరంగు హ్యాండిల్ తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. జనమంతా గొట్టం వైపు మెడలు సాచారు. నీళ్లు పడ్డాయి, పడ్డాయి అని ఒకటే కేకలు. నేను తల తిప్పలేదు. పిల్ల మొహంలోకే చూస్తున్నాను. అప్పుడు నా తొడ మీద వెచ్చగా తగిలింది.

"అత్తయ్యగారూ!" అన్నాను.

పసివాళ్లు ఒళ్లు తడిపితే మడి పోయిందని మళ్లీ తలారా మునిగే మనిషి ఆవిడ. వంగి, నా చీర మీది ఆ తడిలో చెయ్యి ముంచి, రెండు కళ్లకూ అద్దుకున్నారు.