నాలుగో చన్ను

ఖాళీ గ్లాసు చేతిలో పెట్టుకుని ఈ పోస్టు రాస్తున్నాను. ఎండాకాలం సెలవులకు కొండాపురం వచ్చిన మా మనవలు, నేను పాలు పితకడానికి చెంబు తెచ్చేలోపే దూడ తాడు విప్పేశారు. అది బర్రె పొదుగంతా ఖాళీ చేస్తుంటే, వీళ్లు వీడియో తీస్తూ ఒకటే నవ్వు. కాఫీకి చుక్క పాలు లేవు. ఒళ్లు మండిపోయింది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇత్తడి చెంబులో నురగ పొంగుతుంటే, పేడ వాసనలోనే గ్లాసులు పట్టుకుని కూర్చునేవాళ్లం. మా అవ్వ మూడు చన్నులు పితికి లేచిపోయేది. నాలుగోది దూడకే. మాకు సగం గ్లాసే వచ్చేది.

"ఇంకొంచెం పిండవ్వా!" అని ఏడ్చేవాణ్ణి.

"ఏందిరా నీ గోల? దూడ ఆకలిమీద ఉండాది. అవి దానమ్మ పాలు, నీ అవ్వ పాలు కాదు" అనేది.

ఆ పద్ధతే నేర్పుదామని మనవరాలిని పిలిచాను. "దూడకు ఒక చన్ను, మనకు మూడు. తెలిసిందా?" అన్నాను.

అది ఫోన్లోంచి తలెత్తలేదు. "బర్రె దూడకి కదా అమ్మ, మరి మనకు మూడెందుకు తాతా?" అంది.

అవ్వ ఉంటే దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకునేది. నాకు మాత్రం ఇప్పటికీ కాఫీ లేదు.